మసిగుడ్డ

కొవ్వంటే మనకి తిట్టు.
కళ్ళకి కొవ్వెక్కిందంటాం, ఒళ్ళు కొవ్వి కొట్టుకుంటున్నాడంటాం.
నేనూ అనేదాన్నే,
కేజీహెచ్ ల్యాబులో చేరేదాకా.

మొదటి వారం మేడం ఫార్మలిన్ జాడీ చూపించి చెప్పారు:
నీళ్ళు తీసేస్తే ఇందులో సగం కొవ్వే.
వెన్న కాదు, నెయ్యి కాదు.
నరం నుంచి నరానికి మాట జారే జిడ్డు.
అందులో ఒక రకానికి గాంగ్లియోసైడ్ అని పేరు.
రాసుకున్నాను. మూడుసార్లు తప్పు రాశాను.

తప్పు లేకుండా రాయడం
తవిటమ్మ వచ్చాక నేర్చుకున్నాను.

పదినెలల పిల్ల. జాలారిపేట.
ముందు ఇద్దరు పోయారని
పుట్టగానే చేటలో పడుకోబెట్టి
పక్కింటి ముసలమ్మకిచ్చేసి
గిద్దెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు.
తవుడు ఖరీదు పిల్లని చావు మాత్రం ఏం చేసుకుంటుందని.
తవుడులోనూ నూనె ఉంటుందని
అప్పుడెవరికి తోచింది.

హార్బర్లో ఓడ కూస్తే చాలు
ఉలిక్కిపడి రెండు చేతులూ గాల్లోకి విసిరేదట.
గిన్నె జారినా, కాకి అరిచినా.
'పాము చెవులు నా కూతురివి' అని
గురయ్య బోటు మీద అందరికీ చెప్పుకున్నాడు.

ఆరో నెలలో కూర్చున్న పిల్ల
ఎనిమిదో నెలలో కూర్చోవడం మానేసింది.
నవ్వడం ఏ రోజు మానేసిందో
పోలమ్మకి గుర్తులేదు.
అందుకు తనని తాను తిట్టుకుంది, నా ముందే,
నేను రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతుంటే.

కంటి డాక్టరు లైటు వేసి లోపలికి చూశారు.
పాలిపోయిన తెలుపు నడుమ ఎర్రటి చుక్క.
ఎవరో లోపలి వైపు నుంచి బొట్టు పెట్టినట్టు.

రక్తం ఐసులో పెట్టి హైదరాబాదు పంపాను.
పద్దెనిమిది రోజులు.
కాగితం మీద ఒక అంకె, దాదాపు సున్నా.

చెప్పడం డాక్టరుగారి పని. చెప్పారు.
మెదడులో కొవ్వు పేరుకుంటోందమ్మా,
కరిగించేది పుట్టుకతోనే లేదు.
పోలమ్మ పిల్ల చెయ్యి పైకెత్తి చూపించింది:
'కొవ్వేటి బాబూ, ఎముకలే గదా ఉన్నాయి.'
మేనరికమా అని అడగ్గానే
గురయ్య లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

తర్వాత బల్ల మీద కూర్చుని నన్నడిగింది.
నాకు తోచింది చెప్పాను.
మా ఇల్లు వన్ టౌన్లో, పోర్టు గోడవతల బొగ్గు గుట్టలు.
పొద్దున్న కిటికీ తుడుస్తాను, సాయంత్రం తుడుస్తాను.
పాలగిన్నె మూత తీస్తే మీగడ మీద కూడా నలుసులు.
బొగ్గు చెడ్డది కాదు, కరెంటు దాంతోనే.
తుడిచే మనిషి ఒకరోజు రాకపోతే,
పదిరోజులు రాకపోతే,
అసలు ఆ ఇంట్లో తుడిచే మనిషే పుట్టకపోతే
అని, అక్కడికి ఆగిపోయాను.

పోలమ్మ ఆలోచించింది.
'నానొచ్చి తుడుత్తానండి,' అంది.
'ఎక్కడో సెప్పండి.'

ఆ రాత్రి కిటికీ ఊచలు తుడిచాను.
గుడ్డ నల్లగా వచ్చింది. ఉతికాను. మళ్ళీ నలుపే.
కింద వీధిలో ఎవరో పేకాడుతూ నవ్వుతున్నారు.
పదిన్నరకి ఓడ కూసింది, పొడుగ్గా.
జాలారిపేట దాకా వినిపిస్తుందా అని
తడిగుడ్డ బయటికి పట్టి
గాలి ఎటు వీస్తోందో చూశాను.

అటే.