మూడు కాగితాల వెడల్పు

నా కుర్చీ వెడల్పు అరవై మూడు సెంటీమీటర్లు.
పేరు కంటే ముందు అదే చెప్పడం అలవాటైంది.

రాత్రి పది. మౌలాలిలో వాన.
రైల్వే క్వార్టర్ల వైపు కరెంటు పోయింది, మాకింకా పోలేదు.
అక్కడ మలేషియాలో పన్నెండున్నర.
ఆ వేళప్పుడు హోటళ్లలో మేలుకుని ఉండేది
నాలాగే కూర్చుని పనిచేసేవాళ్లు.

పద్దెనిమిదేళ్లుగా ఎల్లేశ్ క్యాబ్ తోలుతున్నాడు.
శంషాబాద్ దాకా వెళ్లి, పెట్టెలు దించి,
ఖాళీ బండితో వెనక్కి రావడమే
అతనికి తెలిసిన విదేశం.
ఈసారి మీటరు లేని రోడ్డు కావాలన్నాడు,
వెనక సీట్లో మేమే ఉండాలన్నాడు.
ఖైరతాబాద్ ఆఫీసులో తెచ్చుకున్న పర్మిట్టుని
బియ్యం డబ్బాలో దాచాడు.
"రోడ్డు నేను చూసుకుంటా. గది నువ్వు చూడు సుగుణా."

చూస్తున్నాను.
ముందు ధర, రింగిట్టుని ఇరవైతో హెచ్చవేసి.
తరవాత మెట్లు.
ధర దిగితే మెట్లు ఎక్కుతాయి.
మెట్లు లేనిచోట
ధర రెండో అంతస్తులో కూర్చుంటుంది.

లిఫ్టు ఉందంటారు.
ఉంటుంది, నాలుగు మెట్లెక్కాక ఉంటుంది.
అందుకే ఉన్నాయా అని అడగడం మాని
ఎన్ని అని అడగడం నేర్చుకున్నాను.
"ఓన్లీ టూ, మేడం."
ఆ ఓన్లీని నేను కోఠి బ్యాంకు ముందు విన్నాను,
మా ఆడపడుచు పెళ్లి హాలు ముందు విన్నాను.
"మావాళ్లు ఎత్తుకుంటారు మేడం, ఫికర్ లేదు."
నాకు ముప్పై తొమ్మిదేళ్లు.
ఎత్తుకునే మగవాళ్ల చంకల వాసన
ఎన్ని రకాలో నాకు తెలుసు.

ఇపో ఊళ్లో ఒక చవక హోటల్.
రాత్రి డ్యూటీ కుర్రాడి పేరు హఫీజ్.
నాదీ అతనిదీ అతుకుల ఇంగ్లీషే.
మెట్లు లేవన్నాడు. బాత్రూం తలుపు కొలవమంటే
టేపు లేదన్నాడు.
ఒక్క నిమిషం అని ఫోను బల్ల మీద పెట్టాడు.
పదకొండు నిమిషాలు విన్నాను:
చెప్పులు, తాళంచెవుల గుత్తి, ఎక్కడో ఒక దగ్గు.
ఆ తరవాత ఫోటో వచ్చింది.
గడప అడ్డంగా ప్రింటరు కాగితాలు
పక్కపక్కన మూడు.
చివర మిగిలిన సందులో
నాలుగు వేళ్లు, అతనివే.

కాగితం ఇరవై ఒకటి.
"ఇరవై ఒకటి మూళ్లు అరవై మూడు" అంది మా వసుధ
పక్క మీంచి లేచి.
నాలుగు వేళ్లు నా కణుపులకి,
చక్రం తిప్పుతుంటే గోడకి గీరుకోకుండా.

అది అక్కడితో ఊరుకునే పిల్ల కాదు.
ప్రాజెక్టు కాగితాల్లోంచి మూడు లాగి
మా బాత్రూం గడప మీద పరిచింది.
రెండు పట్టాయి.
మూడోది గోడ మీదికి మడత పడింది.

ఎవరం ఏమీ అనలేదు.
తొమ్మిదేళ్లుగా ఆ గడప దగ్గర కుర్చీ దిగి
నీలం ప్లాస్టిక్ పీట మీదికి జారి
పీటతోపాటే జరుగుతూ లోపలికి వెళ్తున్నాను.
నెల రోజులుగా సముద్రం అవతలి తలుపులన్నీ కొలిపించాను.
దీన్ని కొలవాలని తోచలేదు.

మర్నాడు ఎల్లేశ్ మేస్త్రీని తెచ్చాడు.
గోడ తట్టి చూసి ఇరవై రెండు వేలన్నాడు.
అంటే పెనాంగ్‌లో నాలుగు రాత్రులు.
ఓనరు దశరథం గారు ఫోన్లో,
"పోయి రండమ్మా, వచ్చినంక చూద్దాం.
అయినా మూడే ఇంచులు గదా" అన్నారు.

పెనాంగ్ కొట్టేశాం.
సముద్రం పోయిందని వసుధ అన్నం దగ్గర మాట్లాడలేదు.
ఓనరు ఒప్పుకుంటాడో లేదో,
డబ్బు మాత్రం వేరే కవర్లో పెట్టాం.

హఫీజ్‌కి గది ఖాయమని రాశాను.
ఎంతమంది అని అడిగాడు.
నలుగురం, ఒక కుర్చీ.

వసుధ మూడు కాగితాలకీ టేపు అంటించి
మడిచి బియ్యం డబ్బాలో పెట్టింది,
పర్మిట్టు పక్కన.
ఎల్లేశ్‌కి శంషాబాద్ బేరం తగిలింది,
తెల్లవారుజాము మూడింటికి.
అలారం పెట్టి దీపం తీశాను.