మూడు కళ్ళు

రిచీ స్ట్రీట్‌లో నా బల్ల మీద
ఏ కొత్త ఫోనూ వెల్లకిలా కుదురుగా పడుకోదు.
వీపున మూడు కళ్ళ బొడిపె.
కోడు పొట్టిదైన మంచంలా టకటకా ఊగుతుంది.
బస్సు టికెట్ మడిచి కింద పెడతాను,
ఆ తర్వాతే స్క్రూడ్రైవర్.

కాసిమేడు కనకవల్లి రిపేరుకు రాలేదు.
"తెల్లవారుజామున మూడింటికి తీశా తంబీ,
మిట్టమధ్యాహ్నంలా వచ్చిందేంటి?
వల ముడులు కూడా లెక్కపెట్టొచ్చు,
మా ఆయన మాత్రం ఎవరోలా ఉన్నాడు.
పాత ఫోన్లో చీకటి చీకటిగానే ఉండేది."

నైట్ మోడ్ ఆపి ఇచ్చాను.
డబ్బులు తీసుకోలేదు.

వారం తర్వాత,
చీర కొంగుతో అద్దం తుడిచి మరీ చూపించింది:
తెరంతా తారు.
ఓ మూల ఎర్రటి చుక్క, బీడీ కొస.

"బాగా పడ్డాడు కదా!"