మూడున్నర కిలోలు

మొదట కొన్నది మాస్కు.
అద్దెకిచ్చే ఏడో నంబరు మాస్కు
ఎవరెవరి చెంపలకో అలవాటుపడి
నా చెంప దగ్గరకొచ్చేసరికి అలిగి
నీళ్ళని లోపలికి పిలిచేది.

"ముందు మొహానికి తగ్గది కొనుక్కో,
తక్కినవి తరవాత" అన్నాడు మైలపిల్లి పోలరాజు
రుషికొండ ఒడ్డున, ఉప్పుకి తెల్లబడ్డ చేతుల్తో
సిలిండరు మీట తిప్పుతూ.
పట్టీ తగిలించకుండా ఆనించాలిట,
ముక్కుతో ఒక్క గుక్క గాలి లాగాలిట.
చేతులు వదిలేసినా పడకపోతే అది నీది.

మద్దిలపాలెం డిపో రెస్టురూములో
పగిలిన అద్దం ముందు ఆనించాను.
ఖాకీ చొక్కా, మెళ్ళో టిక్కెట్ల మిషను,
మొహాన నల్ల మాస్కు.
పడలేదు.
నవ్వొచ్చింది, అప్పుడు పడింది.
"ఏటమ్మా, బండిలో పొగెక్కువైపోనాదా?"
తలుపు దగ్గర డ్రైవరు సూరిబాబు.

తొమ్మిదేళ్ళుగా భీమిలి బస్సులో కండక్టర్ని.
సాగర్‌నగర్ దాటితే కుడివైపు కిటికీల నిండా సముద్రం.
చిల్లర వెతుకుతూ చూశాను,
పాసు మీద తేదీ చదువుతూ చూశాను,
కాలేజీ పిల్లల సంచుల సందులోంచి చూశాను.
ఎంత చూసినా గోడ మీది క్యాలెండరులా ఒకటే నీలం.
దాని లోపలికి టిక్కెట్టు
ఎవరూ అడగలేదు.

తరవాత ఫిన్సు.
కుడిపాదం ఎడమదానికంటే కొంచెం పెద్దదని
నలభై మూడేళ్ళకి తెలిసింది.
ప్రతి బ్రేకుకీ ప్రతి మలుపుకీ
ఊతమిచ్చి నిలబెట్టిన పాదం మరి.

ఎరియర్సు పడ్డ నెల అది.
గొలుసు చేయించుకోమంది చెల్లెలు.
రెగ్యులేటరు ధర దానికి చెప్పలేదు,
నేనూ కొనలేదు కనక.
పోలరాజు పాతదానికే
కొత్త మౌత్‌పీసు ఒకటి తగిలించాను.
గాలి అందరిదీ,
పంటిగాటు నాదీ.

నాలుగు కిలోల బరువు కావాలన్నాడు.
ఫిషింగ్ హార్బరులో వలల కొట్టు నూకాలు
త్రాసులో సీసం గుళ్ళు గలగలా పోస్తూ
"బెండ్లు ఒద్దా?" అంది.
"సీసమెంతో బెండంత. ఒట్టి సీసం ఎవులు కొంటారే?
ఏ వలకి?"
"వలకి కాదత్తా, నాకే.
మునగడానికి."

గుళ్ళు పోసే చెయ్యి ఆగిపోయింది.
నా మొహంలోకి చాలాసేపు చూసింది.
అప్పుడు తట్టింది
నేనన్నది ఆవిడకి ఎలా వినబడిందో.
సంచిలోంచి మాస్కు తీసి చూపించాను,
ఫిన్సు చూపించాను,
పైకి తేలడానికి గాలి జాకెట్టు ఉంటుందని
రెండు చేతులూ పొంగించి మరీ చూపించాను.

"మా మొగోలు తేలడానికి అంత పాటు పడతారు,
నువ్వు డబ్బులిచ్చి ములుగుతావా?" అంటూ
త్రాసులోంచి ఒక గుప్పెడు వెనక్కి తీసేసింది.
ఎంత చెప్పినా మళ్ళీ వెయ్యలేదు.
మూడున్నరకే డబ్బులు తీసుకుంది.

ఆదివారం, మంగమారిపేట రాళ్ళ దగ్గర,
నేను మునగలేదు.
పోలరాజు కిందనించి రమ్మని సైగ చేస్తున్నాడు,
నేను బెండులా పైనే.
"అరకిలో తక్కువ" అన్నాడు తేలివచ్చి.
నూకాలు గుప్పెడు సంగతి నేను చెప్పలేదు.
"అయితే ఊపిరంతా వదిలెయ్. దాచుకోకు."

ముందుకి జరగండి, లోపలికి జరగండి అని
అరవడానికి ఎప్పుడూ గుండెల్లో
నిలవ పెట్టుకునేది ఒకటుంది,
అది వదిలాను.
వదిలాక ఇంకా ఉంది.
అదీ వదిలాను.

చెవులు టప్పుమన్నాయి.
బుడగల చప్పుడు తప్ప నా గొంతు లేదు.
నూట ఎనభై, నూట యాభై,
స్టేజీ స్టేజీకీ ఎస్సార్ రాసుకున్నట్టు
గేజీ చూసుకుంటూ దిగాను.
రాతి అంచున పేరు తెలియని చారల చేప
నన్ను చూసి పక్కకి జరిగింది,
జరగమనకుండానే.

యాభై దగ్గర పోలరాజు
బొటనవేలు పైకెత్తాడు.
ఒడ్డు మీదైతే బాగుందని అర్థం.
ఇక్కడ,
నా స్టేజీ వచ్చేసిందని.