గేటుకాడ పెట్టు సామీ

మడివాళలో, సిల్క్ బోర్డు పొగ ఇంకా ముక్కులో ఉండగానే
ఎడమకి తిరిగితే ఒక పాత థియేటరు.
అక్కడ ఏ సినిమా ఎలా ఉందో
నేను ఎవర్నీ అడగను.
పార్కింగులో ఓబులేసు ఉంటాడు.

గోరంట్ల మనిషి. ఖాకీ చొక్కా, చెవి మీద చాక్‌పీసు.
"లోపల గోడకి ఆనించు" అన్నాడంటే సినిమా బాగున్నట్టు.
"గేటుకాడ పెట్టు సామీ" అన్నాడంటే
ఇంటర్వెల్‌కే వెళ్ళిపోతావని,
అప్పుడు నలభై బండ్లు జరపడం తన వల్ల కాదని.

పదకొండేళ్ళుగా ఆ గేటు పక్కన
నా బండి ఎన్ని శుక్రవారాలు తడిసిందో.
చెప్పినా వెళ్ళేవాణ్ణి.
టికెట్ కొన్నాక మనిషికి చెవులుండవు.

లోపల హీరో నడుస్తూనే ఉండేవాడు
కారు దిగి, నిప్పులోంచి, మళ్ళీ కారు దాకా.
విలన్ నవ్వు ఆగేలోపు పాప్‌కార్న్ సగమయ్యేది.
తల్లి ప్రతిసారీ ఇంటర్వెల్‌కి రెండు నిమిషాల ముందు పోయేది,
క్యాంటీన్‌లో టీ చల్లారకూడదన్నట్టు.
ఒకదాంట్లోనైతే కథే తప్పిపోయింది.
వెతకడానికి అందరూ మంచుదేశం వెళ్ళి
పాట పాడి వచ్చారు.

"నువ్వు చూస్తావా ఇవన్నీ?" అని అడిగానొకసారి.
"డ్యూటీ ఇడిసిపెట్టి యాడ చూసేది?
మొగాలు చూస్తా.
బాగలేకుంటే బీగాలు ముందే చేతిలో పట్టుకోని వస్తారు.
బాగుంటే టోకెను యాడ పెట్నారో మర్సిపోతారు."

ఆషాఢంలో ఒక శుక్రవారం
ఆయన మొహం ఇస్త్రీ చేసినట్టుంది.
"లోపలికి పో సామీ, ఇంకా లోపలికి, ఆ చివర గోడకి."
నా వెనక ఒక బండి, దాని వెనక ఇంకోటి,
అరటిగెలలో కాయల్లా సర్దేశాడు.

ఆ సినిమా
అప్పు అడగడానికొచ్చిన చుట్టంలా కూర్చుంది.
కదలదు, విషయం చెప్పదు.
ఇంటర్వెల్‌లో జనం బయటికి ఉరికారు.
ఏ చక్రానికీ దారి లేదు.
కన్నడంలో తిట్టారు, తెలుగులో తిట్టారు,
ఒకతను రెండూ కలిపి తిట్టాడు.
ఓబులేసు నేల చూపులు చూస్తూ
"ఇంగో గంటే సార్లూ" అన్నాడు.
వానలో నిలబడలేక మళ్ళీ లోపలికే పోయాం.

నాది ఆఖరి బండి.
"ఏందిది ఓబులేసూ?"
చాక్‌పీసు తీశాడు, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.
"కడాకు పేర్లు పడతాయి గదా సామీ,
సన్నంగా, పైకి పోతా.
దాంట్లో మా పాప పేరుండాది.
హైదరాబాదులో, బట్టల డిపార్ట్‌మెంటు.
హీరో చొక్కాలకి గుండీలు కుట్టిందంట ఎనిమిది నెల్లు.
సదివినావా?"

ఫైట్లలో చొక్కా చినిగినప్పుడల్లా
నిదానంగా గాల్లోకి లేచిన గుండీలు గుర్తొచ్చాయి.
పేర్లప్పుడు తలుపులు తెరిచేశారు,
నేను చెప్పులు వెతుక్కుంటున్నాను.
ఏమీ అనలేక హెల్మెట్ పెట్టుకున్నాను.

రాత్రి సెకండ్ షోకి మళ్ళీ వచ్చాను.
బండి గేటు దగ్గరే ఆపితే
పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.
హాల్లో తొమ్మిదిమందిమి.
హాయిగా నిద్రపోయాను.
ఊడ్చే ఆవిడ చీపురుతో సీటు తట్టింది,
"ముగీతు, ఏళి సార్."
ఒక్క నిమిషమని చెప్పి లేచి నిలబడ్డాను.

పేర్లు చీమలబారులా ఎక్కుతున్నాయి.
లైట్లు మోసినవాళ్ళు, అన్నాలు వండినవాళ్ళు,
జనరేటరు వ్యాను డ్రైవరు, అతని సహాయకుడు.
ఇంతమంది కష్టపడితేగాని
ఇంత చెత్త సినిమా తయారవదు.

దుస్తుల విభాగం, కింది నుంచి రెండోది:
ఓ. చాడేశ్వరి.
చౌడేశ్వరి కావాలి.
ఔత్వం ఎక్కడో రాలిపోయింది, తెగిన గుండీలా.

బయట వాన వెలిసింది.
"సూసినావా?"
"చూశాను. బాగా కనబడింది."
ఆయన టోకెను కోసం చెయ్యి చాచాడు.
ప్యాంటు జేబులో లేదు, చొక్కా జేబులో లేదు.
ఎక్కడ పెట్టానో ఎంతకీ గుర్తు రాలేదు.