ఐసు గీసిన గీతలు

హన్మకొండ చౌరస్తాల ఆరున్నరకు
ఏడుగురు ఎక్కిన్రు నా బండి.
ఎనిమిదో మనిషి ఓదెలు సారు,
సింగరేణి సర్వేల ముప్పై రెండేండ్లు చేసి దిగినాయన,
ఎడమ చెవును బ్లాస్టింగులకు ఇచ్చినాయన.
ఏమన్న అడగాల్నంటే కుడి దిక్కు కూసోవాలె.

"ఇయ్యాల మంచు, రేపు నిప్పు" అన్నడు.
మే నెల.
పెద్దపల్లి దాటేసరికే స్టీరింగు చురుక్కుమంటున్నది.
మనిషికి పద్దెనిమిది వందలు గట్టి
మంచు చూడవోతున్నరట రామగుండం దిక్కు!
అద్దంల నా మూతిని నేనే చూసుకోని
నవ్వు ఆపుకున్న.

పొగగొట్టాలు వెనకవడ్డయి, గోదారి దాటినం,
పేరు లేని ఒక ఒర్రె కాడ ఆపుమన్నడు.
పచ్చపచ్చటి మట్టి, మట్టిల గుండ్లు:
గుమ్మడికాయంతవి, శెనగ గింజంతవి,
అంగట్ల ఎవరో మూట ఇప్పి
గట్టనే ఇడిసిపోయినట్టు.
"నీళ్లు తెస్తే ఏరి పెడుతయి,
పెద్దయి ఒక తావున, చిన్నయి ఒక తావున.
ఏరకుంట ఏది దొరికితే అది
ఎత్తుకొచ్చి దించేది మంచొక్కటే."
సీస నీళ్లు ఒక గుండు మీద పోసిండు.
తడి రాయి మీద గీతలు తేలినయి,
అన్నీ ఒక్క దిక్కుకే.
ముప్పై కోట్ల ఏండ్ల కిందివట.

కాలేజీ పిల్ల తేజోవతి అడిగింది,
అడుగుడు ఎడమ దిక్కు నుంచి అడిగింది:
"మంచు రాయిని ఎట్ల గీకుతది, కరిగిపోతది గద?"
సారుకు ఇనవడలె.
ఇనవడింది నాకు.

"గీకేది మంచు గాదు బిడ్డా,
దాని కింద అంటిన గరుసు.
లష్కర్ బజారు ఐసు గోదాంల మా నాయన
దిమ్మను కొక్కెంతోని గుంజుతుండె.
ఊకల పొర్లిన దిమ్మ, అడుగున ఇసుక.
తలుపు నుంచి రిక్షా దాక
గచ్చంత గీతలే.
చిన్నప్పుడు ఉత్త కాళ్లతోని లెక్కవెట్టేటోన్ని."

సారు కుడి చెవు నా దిక్కు తిప్పిండు.
"మల్ల చెప్పు, మొగిలీ."
మల్ల చెప్పిన.
ఆ దినమంత నా పక్క సీట్లనే కూసున్నడు.

మాపటికి ఆసిఫాబాద్ లాడ్జి మెట్ల మీద
తనంతట తానే అన్నడు:
"ఈ మంచు మీదనే అడివి మొలిచి బొగ్గయింది.
బోరుకు గా పచ్చమట్టి తగిలితే మెషిన్ ఆపించి
రిజిస్టర్ల రాసేటోన్ని,
'ఇగ కింద ఏం లేదు' అని.
ఎన్నిసార్లు రాసిన్నో."

తెల్లారి కెరమెరి ఘాట్.
నల్లరాయి పొర మీద పొర.
పొంగుడు, ఆరుడు, మల్ల పొంగుడు.
మూడో మలుపుల టైరు పంచరు.
చక్రం కింద అడ్డం పెట్టింది గా లావా ముక్కనే;
ఖలీల్ భాయి దానికి సలాం గొట్టిండు.
ఎంజీఎంల కాలిన గాయాల వార్డు నర్సు
సుకన్యమ్మ మాత్రం నవ్వలె.
రాతిని అరచేతితోని నిమిరి,
"కాలిన తోలు మానినంక ఇట్లనే ఉంటది" అన్నది.
కొంచెం సేపు చెయ్యి తియ్యలె.

మంచుకు నిప్పుకు నడుమ
ఇరవై కోట్ల ఏండ్ల పైమాటేనట.
నా మీటర్ల తొంభై ఆరు కిలోమీటర్లు,
ఒక పంచరు, రెండు చాయలు.

అందర్ని దించి, బండి కడిగి,
రాత్రి లష్కర్ బజారుకు పోయిన.
గోదాం లేదు. బట్టల షోరూమున్నది,
మొఖం కనవడేటంత టైల్సు.
షటరు సందుల నుంచి వంగి చూస్తుంటే
వాచ్‌మన్ టార్చిలైటు కొట్టిండు:
"ఏం పారేసుకున్నవే?"

"ఐసు" అన్న.