పంటి డాక్టరు

డునెడిన్‌లో జూలై అంటే నడి చలికాలం.
మా అద్దె ఇంట్లో గోడలకు చెమట పడుతుంది,
మాకు పట్టదు.
నలుగురు మగపిల్లలం, ఒక హీటరు,
దాని మీద ఆరేసిన సాక్సులు.
అందులో ఫెర్గస్‌వి కనిపించక మూడు వారాలైంది.

మొదట్లో అదీ మాకు నవ్వులాటే.
వాడి గది తలుపు మీద వైసాకే
"ఎలుగుబంటి పడుకుంది, లేపకండి" అని రాసి అంటించాడు.
లోపలి నుంచి వాడూ నవ్వాడు.
తలుపు దాటి వచ్చేసరికి ఆ నవ్వు
చల్లారిన టీలా ఉంది.

వాడిది సౌత్‌లాండ్‌లో గొర్రెల పొలం.
పద్నాలుగేళ్ళకే ఒక్క పూటలో
నలభై గొర్రెల ఉన్ని తీసిన చేతులు.
ఆదివారం వాళ్ళ నాన్న ఫోన్ చేస్తాడు,
వాన గురించి అడుగుతాడు, కుక్క గురించి చెబుతాడు,
కాసేపు ఒకరి ఊపిరి ఒకరు వింటారు,
"సరే మరి" అని పెట్టేస్తారు.

ఆ "సరే మరి" మా ఇంట్లోనూ ఉంది.
మా నాన్న ఓడరేవులో క్రేన్ నడుపుతాడు.
ఇరవై టన్నులెత్తుతాడు,
ఒక్క వాక్యం ఎత్తలేడు.
పంటి బిగువున బతికిన వాళ్ళం మేమంతా.
దాన్ని మగతనం అన్నారు,
దవడ నొప్పెడుతుందని మాత్రం
ఎవరూ చెప్పలేదు.

నిన్న రాత్రి రెండింటికి నీళ్ళకని లేచాను.
వంటగదిలో, చీకట్లో ఫెర్గస్.
ఎదురుగా టోస్టరు.
రొట్టె పెట్టాడు, ప్లగ్గు పెట్టలేదు.
"ఎంతసేపైందిరా ఇక్కడ?"
"అలసట" అన్నాడు.
అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదు,
కానీ అదే సరైన జవాబు.

జోకు ఒకటి నోటిదాకా వచ్చింది. మింగేశాను.
"ఫెర్గస్, పోయినేడు నేను
పంటి డాక్టరు దగ్గరికని తొమ్మిది మంగళవారాలు వెళ్ళాను, గుర్తుందా?"
"ఊఁ."
"తొమ్మిది మంగళవారాలు పట్టే పన్ను
మొసలిక్కూడా ఉండదురా.
నా పళ్ళన్నీ బాగానే ఉన్నాయి."

వాడు మొదటిసారి తలెత్తాడు.

లైబ్రరీ వెనక, రెండో అంతస్తు, మిస్ పరాటా.
మొదటి రోజు నలభై నిమిషాలు
రగ్బీ గురించే మాట్లాడాను. ఆవిడ వింది.
చివర్లో "నిద్ర పడుతోందా?" అంది.
అంతే,
మా ఇంటి గోడలా అయింది నా ముఖం.

"బాగైందా మరి?"
"కొంత. ఇంకా కొన్ని రాత్రులు ఉన్నాయి.
కానీ ఇప్పుడు వాటికి పేర్లున్నాయి."

ఆ తర్వాత, అడగకూడదనుకున్నది అడిగాను.
గొంతు పిల్లకూనలా వచ్చింది.
"చచ్చిపోవాలనిపిస్తోందా, ఫెర్గస్?"
ఫ్రిజ్ గురక పెట్టి ఆగింది.
"ఒక్కోసారి. రాత్రులు. పొద్దున ఉండదు."
"అయితే పొద్దున దాకా ఇక్కడే కూర్చుంటా."

ప్లగ్గు పెట్టాను. రొట్టె మాడింది.
ఇద్దరం తిన్నాం.

తెల్లవారింది. మంచు పట్టిన వాలు వీధిలో
కాళ్ళు జారుతుంటే ఒకరి చొక్కా ఒకరం పట్టుకుని
దిగాం కొండ.
కౌంటరు దగ్గర వాడి నోరు పెగల్లేదు.
రాత్రి చెప్పిన మాట నేను మెల్లగా చెప్పాను,
వాడు తలూపాడు.
వరుసలో నిలబెట్టలేదు, వెంటనే పిలిచారు.
తలుపు మూసుకుంది.
ఇటువైపు నేను, రెండు కుర్చీలు,
ఎవరో వదిలేసిన చేతి తొడుగు ఒకటి.

వైసాకే మెసేజ్: "ఇద్దరూ ఎక్కడ చచ్చారు?"
"పంటి డాక్టరు" అని కొట్టాను.
చెరిపేశాను.
ఉన్నదున్నట్టు రాశాను, రెండో అంతస్తుతో సహా.

రాస్తున్నాడని చుక్కలు వచ్చాయి.
ఆగాయి.
మళ్ళీ వచ్చాయి.
చాలాసేపటికి:
"ముందే ఫోన్ చేయాలా,
నేరుగా రావచ్చా?"

పక్క కుర్చీ మీంచి
నా కోటు తీశాను.