ముప్పై డిగ్రీలు

మేడ మీద నల్లపైపు
చుట్టలు చుట్టలుగా పరిచాను,
ఎండ కాగుతున్న త్రాచులా.

కింద ఈతకొలను. వీరవాసరంలో మొదటిదట.
ముదునూరి అచ్యుతరాజుగారు
రొయ్యల చెరువు థర్మామీటరే తెచ్చి ముంచారు:
"ఇరవై మూడు. దీంట్లో రొయ్యయినా మేత ముట్టదు."

ఇన్నేళ్లూ ఆయన
నీళ్లు వేడెక్కుతాయేమోనని
ఏరియేటర్ల పక్కన కునుకు లేకుండా కూర్చున్న మనిషి.
ఇప్పుడు ఆ ఎండనే బతిమాలుతున్నారు,
మోకాలు మార్పించుకున్న భార్య కోసం.
డాక్టరు ముప్పై అన్నాడు.

ధనుర్మాసపు ఎండకి ఓపిక తక్కువ.
మోటారు కొలనంతటినీ
కొంచెం కొంచెంగా
మేడెక్కించి దింపుతోంది.

నాలుగోరోజు మూడింటికి సుభద్రాయమ్మగారు
మెట్టు మీద పాదం పెట్టి, తియ్యలేదు.
రాజుగారు థర్మామీటరు చూడ్డం మర్చిపోయారు.

నేను చూశాను.
అర తక్కువ.
చెప్పలేదు.